ముప్పై నాలుగో నంబరులో పిట్టలు

మా మరిది పోయిన సంగతి పొద్దున ఏడున్నరకు ఫోనులో తెలిసింది. నేను ఆదోనిలో మా వంటింట్లో ఉగ్గానికి బొరుగులు తడుపుతున్నాను. ఎమ్మిగనూరు నుంచి అతని భార్య, మా తోటికోడలు, ఫోను చేసింది.

"అక్కా, టీ తీసుకపోయి పిలిసినా. పలకల్యా. యినపడలేదేమోలే అని గ్లాసు మీద మూత పెట్టి నా పని సూసుకున్నా. అర్ధగంటకు మల్ల పోయి సూస్తే టీ అట్లనే ఉండాది. మనిషీ అట్లనే ఉండాడు," అంది.

ఆ ఇంట్లో పిలిస్తే పలకకపోవడం కొన్నేళ్లుగా మామూలు విషయం. అందుకే ఆమెకు అర్ధగంట దాకా తెలియలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని డాక్టరు చెప్పాడు. యాభై రెండేళ్లు.

అతనికి చెవులు సరిగా వినపడవని ఇప్పుడు అందరికీ తెలుసు. కానీ ఆ సంగతి బయటపడింది నా వల్ల. ఇరవై ఏళ్లకు పైగా వాయించిన ట్రూపులోంచి అతను బయటికి రావలసి వచ్చింది కూడా నా వల్లే. పలకరించడానికి వచ్చినవాళ్లు అతని గురించి మంచి మాటలు చెబుతూ ఉంటే నేను తల వంచుకుని కూర్చున్నాను. జరిగింది జరిగినట్టు ఒకచోట రాసి ఉండాలనిపించి ఇది రాస్తున్నాను.

ఆదోని, ఎమ్మిగనూరు వైపు పెళ్లిళ్లకు వెళ్లినవాళ్లు మీలో ఉంటే మా మరిదిని చూసే ఉంటారు. పాడేవాళ్ల వెనక, ఎడమ పక్క, కీబోర్డు ముందు నిలబడి ఉండే పొట్టి మనిషి. నవ్వినా పెదవులు విచ్చుకునేవి కావు, కళ్లు మాత్రమే నవ్వేవి. కార్యక్రమం మొదలు కాకముందు కీబోర్డు మీద ఎమ్మిగనూరు మగ్గం తువ్వాలు కప్పి ఉంచేవాడు. పసిబిడ్డ మొహం మీద గుడ్డ తీసినట్టు దాన్ని మెల్లగా తీసి, నాలుగు మడతలు పెట్టి, భుజం మీద వేసుకునేవాడు. అది అయ్యేదాకా పాటగాడు మైకు ముట్టుకునేవాడు కాదు. వాయించే రోజు ముందుగా ఏమీ తినేవాడు కాదు. "కడుపు నిండితే యేళ్ళు బరువైతాయి వదినా," అనేవాడు.

నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి అతను ఇంటరు తప్పి, ఒక రేడియో రిపేరు కొట్లో కూర్చునేవాడు. ఎవరో బళ్ళారి మనిషి చెడిపోయిన చిన్న కీబోర్డు ఒకటి బాగుచేయమని ఇచ్చి మళ్లీ రాలేదు. మరిది దాన్ని విప్పి, తుడిచి, అతుకులు వేసి, మోగించాడు. ఇక దాన్ని వదల్లేదు. మా మామగారు ధాన్యం వ్యాపారం చేసే మనిషి, ఆయనకు అది నచ్చలేదు.

"పెట్టెలో నుంచి వచ్చేది సంగీతమేందిరా?" అన్నారు ఒకరోజు అన్నం తింటూ.

"నువ్వు దినామూ వార్తలు యినేది యాడనుంచి నాయనా? అదీ పెట్టే గదా," అన్నాడు మరిది.

మామగారు మజ్జిగ పోసుకున్నారు. ఆ రోజు నుంచి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. అదే అనుమతి అని మేమంతా అనుకున్నాం.

తర్వాత పెద్ద కీబోర్డు వచ్చింది, పెళ్లయింది, ఎమ్మిగనూరులో కాపురం పెట్టాడు. పెళ్లిళ్లు, వినాయకచవితి పందిళ్లు, పల్లెల్లో క్రిస్మస్ ఆరాధనలు, శ్రావణంలో ఉరుకుంద జాతర. ఏడాదిలో అతను ఇంట్లో ఉండే నెలలు తక్కువ. ఒక క్రిస్మస్ పొద్దున కౌతాళం దారిలో ఒక పల్లె చర్చిలో పాట మధ్యలో కరెంటు పోయింది. అతను కీబోర్డు వదిలి, పక్కనున్న చెక్కపెట్టె మీద అరచేతులతో దరువు వేయడం మొదలుపెట్టాడు. జనం చప్పట్లతో అందుకున్నారు. పది నిమిషాలకు కరెంటు వచ్చినప్పుడు, పాట ఏ శ్రుతిలో ఉందో సరిగ్గా ఆ శ్రుతిలో వేలు పెట్టాడు. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను అడిగితే, "కరెంటు పోతే నేనాగాల గానీ, పాట ఎందుకాగాల?" అన్నాడు.

అతని అసలు పని మాత్రం వేదిక మీద జరిగేది కాదు. కీబోర్డుతో పాటు వచ్చే శబ్దాలు అతనికి చాలేవి కావు. "ఈ పెట్టె సేసినోళ్ళు మన తప్పెట ఎప్పుడన్నా యిన్నారా వదినా? యాడిదో డ్రమ్ము పెట్టి తప్పెట అని పేరు రాసినారు," అనేవాడు. చిన్న రికార్డరు జేబులో వేసుకుని ఊళ్లు తిరిగేవాడు. మంట దగ్గర వేడి చేసిన తప్పెట మొదటి దెబ్బ, పీర్ల పండుగ డప్పులు, మేకల మెడలో గంటలు, జిన్నింగు మిల్లులో పత్తి గింజ రాలే చప్పుడు. వాటిని శుభ్రం చేసి కీబోర్డులో ఒక్కొక్క నంబరు కింద దాచేవాడు. మా వంటింట్లో ఇత్తడి చెంబు ఒకటి ఉంది. నేను దాన్ని తోముతుంటే జారి గచ్చు మీద పడింది. అతను హాల్లోంచి పరుగెత్తుకొచ్చి, "మల్ల ఒకసారి పడెయ్ వదినా!" అన్నాడు. పదకొండు సార్లు పడేయించాడు. చెంబుకు సొట్ట పడింది. అది పంతొమ్మిదో నంబరు. ఆ ఏడు ఉరుకుంద జాతరలో హారతి పాటకు గంట బదులు నా చెంబే మోగింది.

ఆ నంబర్లన్నీ రాసి పెట్టింది నేను. మా ఇంటి లెక్కలన్నీ పెళ్లయిన నెల నుంచి నేనే రాస్తున్నాను. నా అక్షరం అందరికీ తెలుసు. ఒకసారి మరిది లాంగు నోటుబుక్కు ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు. ముందు పేజీల్లో ఏ నంబరులో ఏ శబ్దం ఉందో. వెనక పేజీల్లో ఏ పాటకు ఏ నంబరు నొక్కాలి, ఏ శ్రుతి, ఎంత వేగం. "నంబర్లు నీ దగ్గరుంటే సాలు వదినా, సెవులు నా దగ్గరుండాయి," అన్నాడు. నంబరు తప్పు నొక్కినా వినగానే తెలిసిపోతుంది, వేలు ఇంకో దాని మీదికి పోతుంది. అందుకే అతను ఏనాడూ వాటిని కంఠస్థం చేయలేదు.

కొన్నేళ్ల తర్వాత అతను కొత్త కొత్త వివరాలు రాయమనడం మొదలుపెట్టాడు. గొంతు పెంచే గుండీ ఎంతవరకు తిప్పాలి, కీచుదనం తగ్గించే గుండీ ఎంతవరకు. కీబోర్డు మా ఇంటికి తెచ్చి, ఒక్కో శబ్దం నొక్కి, "ఎట్లుంది సెప్పు వదినా," అనేవాడు. కాస్త కీచుగా ఉందంటే తగ్గించి, ఇప్పుడు చెప్పు అనేవాడు. బాగుందంటే అక్కడ గీత పెట్టి అంకె రాయించేవాడు. చివరికి నా పద్ధతి ఇతనికి కూడా అబ్బింది కదా అని నేను సంతోషించాను. నా చెవికి అతను అంత విలువ ఇస్తున్నందుకు కొంచెం గర్వం కూడా పడ్డాను. రెండేళ్లు అలా గడిచింది. నాకు వేరే అనుమానం రాలేదు.

ఒక వినాయకచవితికి పందిరిలో వాన కురిసి ఆ పుస్తకం తడిసింది. దసరా దాకా దానితోనే నెట్టుకొచ్చి, తిరగరాసి పెట్టమని తెచ్చాడు. నేను మూడు మధ్యాహ్నాలు కూర్చుని కొత్త పుస్తకంలోకి ఎక్కించాను. రాస్తుంటే ముప్పై మూడు తర్వాత ముప్పై ఆరు ఉంది. ముప్పై నాలుగు, ముప్పై అయిదు లేవు. వాన తడికి చెరిగిపోయాయా అని వెలుతురులో పెట్టి చూశాను. అక్కడ అసలు ఏమీ రాసి లేదు. మా వంటింట్లో డబ్బాల వరుసలో మధ్యన ఖాళీ ఉంటే నాకు ఊరుకోబుద్ధి కాదు. మరిది లెక్క తప్పి చెప్పి ఉంటాడు, నేను అలాగే రాసి ఉంటాను అనుకున్నాను. ముప్పై ఆరును ముప్పై నాలుగు చేశాను. అక్కడి నుంచి చివరి దాకా ఒక్కో నంబరు రెండేసి జరిపి, పాటల పేజీల్లో కూడా అదే ప్రకారం మార్చి రాశాను. ఒక్క కొట్టివేత లేదు. ఫోను చేసి ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు. అంత సవ్యంగా ఉన్నదాన్ని అడగాలని ఎవరికి తోస్తుంది?

మరిది చూసి, "అచ్చేసినట్టుండాదే వదినా!" అన్నాడు.

ఆ రెండు నంబర్లలో ఉన్నవి కంపెనీవాళ్లు పెట్టిన శబ్దాలు. అవసరం లేక వాటిని రాయించలేదు. ముప్పై అయిదు టెలిఫోను. ముప్పై నాలుగు పిట్టల కూత.

నెల తిరక్కుండానే, కార్తీకంలో, మా తోటికోడలి వైపు బంధువుల పెళ్లి ఎమ్మిగనూరులో జరిగింది. కొత్త పుస్తకంతో అదే మొదటి కార్యక్రమం. పదకొండు గంటలకు పందిట్లో పాటలు పెట్టారు. ఆ రోజు కరెంటు చివరి నిమిషంలో వచ్చింది కాబట్టి ముందుగా ఏదీ నొక్కి చూసుకోలేదు. నేను మూడో వరుసలో కూర్చున్నాను. మొదటిది దేవుడి పాట, సన్నాయితో మొదలు కావాలి. మరిది తువ్వాలు మడిచి భుజాన వేసుకుని, నా పుస్తకం చూసి, నంబరు నొక్కి, వాయించాడు.

స్పీకర్ల నిండా పిట్టలు కూశాయి.

పిల్లలు కేరింతలు కొట్టారు. పెళ్లికూతురు తల ఎత్తి చూసి నవ్వింది. ముందు నిలబడ్డ పాటగాడు వెనక్కి తిరిగాడు. మా మరిది ఆపలేదు. తల కొంచెం పక్కకు వంచి, కళ్లు సగం మూసి, మంచి సన్నాయి వాయించేటప్పుడు ఎలా ఉండేవాడో అలాగే, నాలుగు వరుసలు పూర్తిగా వాయించాడు. జనం నవ్వుతున్నది చూసి అతనూ కళ్లతో నవ్వాడు. పాట బాగా కుదిరిందనుకున్నాడు.

నా పుస్తకం తప్పని నాకు మొదటి పిట్ట కూతకే తెలిసింది. రెండోది తెలియడానికి ఆ నాలుగు వరుసలు పట్టింది. సన్నని శబ్దాలు అతని చెవికి చేరడం లేదు. రెండేళ్లుగా నా చెవులు అరువు తీసుకుంటున్నాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది. పాటగాడే ఆ ట్రూపు నడిపేవాడు. ఆ పని మరిది కావాలనే చేశాడని అతను అనుకున్నాడు. భోజనాల దగ్గర నవ్వుతూ అందరికీ చెబుతున్నాడు. "మా అన్నకు ఈ వయసులో సరసం సూడండి. పెండ్లి పందిట్లో పిట్టల్ని తెచ్చినాడు."

నేను ఊరుకోలేకపోయాను. తప్పు ఎక్కడ జరిగితే అక్కడ చెప్పడం నాకు అలవాటు. విస్తరి ముందు నుంచి లేచి వెళ్లి, "అది మా మరిది చేసింది కాదప్పా. పుస్తకంలో నంబర్లు నేను తప్పు రాసినాను. అతన్ని ఏమీ అనుకోవద్దు," అన్నాను.

పాటగాడి నవ్వు మెల్లగా పోయింది. "అంటే అన్న కావాలని సేయల్యానా?"

"లేదు."

"పుస్తకంలో తప్పుంటే ఉండనీ అక్కా. యినే సెవికేమయింది?"

నేను మరిది వైపు చూశాను. మరిది నాలుగు అడుగుల దూరంలో, మాకు వీపు పెట్టి, మజ్జిగ పోయించుకుంటున్నాడు. పాటగాడు మెల్లగా "అన్నా" అన్నాడు. ఇంకోసారి, కాస్త గట్టిగా, "అన్నా" అన్నాడు. మూడోసారి పిలిచినప్పుడు వడ్డించే ఆమె కూడా ఇటు చూసింది. మరిది గ్లాసు ఎత్తి మజ్జిగ తాగుతూనే ఉన్నాడు.

పాటగాడు చెడ్డవాడు కాదు. నెల రోజులు ఏమీ అనలేదు. తర్వాత ఇంటికి వచ్చి, మరిది చేయి పట్టుకుని, "పాడేటోనికి ఎనకాల సెవులుండాల అన్నా. నేను ముందుకు సూసి పాడాల గదా," అన్నాడట. మరిది తల ఊపి, అతన్ని టీ తాగేదాకా పోనివ్వలేదట. మా తోటికోడలు చెప్పింది.

నేను ఎమ్మిగనూరు వెళ్లాను. క్షమించమని అడగాలని బస్సులో మాటలు కూర్చుకున్నాను. అతని ఎదురుగా కూర్చున్నాక ఒక్కటీ గుర్తు రాలేదు. గట్టిగా, ఒక్కో మాట విడదీసి, "రెండేండ్ల నుంచి నాకు కూడా చెప్పలేదేమప్పా?" అన్నాను.

"సెప్పింటే నువ్వు రాసి పెట్టుకుంటావు," అన్నాడు. టీ గ్లాసు నా ముందుకు జరిపి, "తప్పు రాసినావు, సరే. నిజం సెప్పినావు, సరే. రెండూ ఒకే దినం సేయాల్నా వదినా?" అన్నాడు.

మా తోటికోడలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. అతను ఆ తర్వాత ఎన్నడూ ఆ విషయంలో నన్ను ఇంకో మాట అనలేదు. చెవి మిషను పెట్టించుకున్నాడు, ఇంట్లో మాటలకు కొంత పనికొచ్చేది. స్పీకరు పక్కన పెట్టుకుంటే మాత్రం అది కుయ్యోమనేదట.

ఆరు నెలలు కీబోర్డు మీద తువ్వాలు తియ్యలేదు. వీధిలోవాళ్ల మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తూ కూర్చున్నాడు. నేను పుస్తకం మళ్లీ మొదటి నుంచి రాసి తీసుకెళ్లి ఇచ్చాను. పేజీలు తిప్పి, ముప్పై మూడు దగ్గర ఆగాడు.

"ఖాళీ ఇడిసిపెట్టినావే! నీకు బాధగా లేదా?"

"ఉంది," అన్నాను.

పుస్తకం బీరువాలో పెట్టాడు. బయటికి తీసినట్టు నాకు తెలియదు.

శ్రావణానికి ముందు కౌతాళం వైపు పల్లె నుంచి ఒక ముసలాయన అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. చెక్కభజన గురువు. చెక్కభజన తెలియనివాళ్లు మా వైపు ఉండరు గానీ, దూరపువాళ్ల కోసం చెబుతాను. పదిహేను ఇరవై మంది మగవాళ్లు చేతుల్లో గజ్జెల చెక్కలు పట్టుకుని గుండ్రంగా నిలబడి, పాడుతూ, అడుగులు వేస్తూ ఆడతారు. మధ్యలో గురువు ఉంటాడు. ఆయన అడుగు ఎంత వేగమైతే అందరూ అంత వేగం. ఈమధ్య కుర్రకారుకు తప్పెట చాలడం లేదని కరెంటు వాద్యం పెట్టించారు. దాన్ని వాయించేవాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి, కుదరదని వెళ్లిపోయారు. వాళ్ల మిషనులో తాళం ఒకే వేగంతో పోతూ ఉంటుంది. ముసలాయన అడుగు అలా పోదు. ఒకచోట పరిగెడుతుంది, ఒకచోట నిలబడిపోతుంది.

ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"పెద్దాయనా, నాకు సెవులు ల్యావు. నీకు తెల్దేమో," అన్నాడు మరిది.

"నాకు మోకాళ్ళు ల్యావు," అన్నాడు ముసలాయన. "ఎగిరినాక యాడ దిగుతానో నాకే తెల్దు. నీకు సెవుల్యా, నాకు మోకాళ్ళు ల్యా. ఇంగేం కావల్లప్పా, రా!"

ఆయన్ను పంపించింది ట్రూపు పాటగాడేనని మాకు చాలాకాలం తర్వాత తెలిసింది.

మరిది వెళ్లాడు. కీబోర్డు తీసుకుపోలేదు. పుల్లలతో కొడితే మోగే ప్యాడు ఒకటి ఉండేది, దాన్ని తీసుకుపోయాడు. అందులో నాలుగే శబ్దాలు పెట్టుకున్నాడు, నాలుగూ లావు శబ్దాలే. అవి అతనికి కొంత వినపడేవి, మిగతాది ఒంటికి తెలిసేది. వేదిక ఎక్కకుండా, ఆడేవాళ్లకు ఎదురుగా నేల మీద చెక్క పలక వేసుకుని కూర్చునేవాడు. పలక చివర పెద్ద స్పీకరు పెట్టించుకునేవాడు, అదురు కిందినుంచి తగలాలని. మిషను తాళాన్ని ఎప్పుడూ వేయలేదు. ముసలాయన పాదాలను చూసి, పాదం నేలను తాకే క్షణానికి కొట్టేవాడు. "మిషను కాళ్ళను సూడాల గానీ, కాళ్ళు మిషనును సూడగూడదు వదినా," అనేవాడు. "ఇరవై ఏండ్లు పాటగాని ఈపు సూసినా. ఇప్పుడు ముసలోని కాళ్ళు సూస్తాండా. కాళ్ళే మేలు, అబద్ధం సెప్పవు."

నంబర్లు రాయాలా అని అడిగాను. నాలుగే కదా, అక్కర్లేదన్నాడు. ఆ మాటకు నాకు కొంచెం దిగులేసిందని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు లేదు.

నాలుగేళ్లు వాళ్లతో తిరిగాడు. ఇంతకుముందు నగరాల నుంచి వచ్చిన పాటగాళ్ల వెనక వాయించినప్పుడు కూడా ఎవరూ అతన్ని పేరు పెట్టి అడిగేవారు కారు. ఈ నాలుగేళ్లలో పల్లెలవాళ్లు "సెవిటి మాస్టరు ఉంటేనే రండి" అని కబురు పెట్టేవాళ్లు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకునేది. అతను మాత్రం దాన్ని బిరుదులా చెప్పుకునేవాడు.

అతను వాయిస్తుంటే నేను చివరిసారి చూసింది పోయిన శ్రావణంలో. కౌతాళానికి ఇవతల ఒక పల్లెలో, పొద్దున పది గంటలప్పుడు. ముందురోజు వాన పడి నేల మెత్తగా ఉంది. ఇరవై మంది చెక్కలు మోగిస్తూ తిరుగుతున్నారు, మధ్యలో ముసలాయన, నుదుటి మీద చెమట. వేగం పెరిగింది, ఇంకా పెరిగింది. మరిది చేతులు కనపడటం లేదు. నేను మా తోటికోడలి పక్కన నిలబడి, అతనికి ఇవ్వడానికి నీళ్ల గ్లాసు పట్టుకుని ఉన్నాను.

ఉన్నట్టుండి ముసలాయన కుడి కాలు పైకి లేపి, అలాగే నిలబడిపోయాడు. మోకాలు పట్టేసిందో, కావాలనే ఆపాడో తెలియదు. ఇరవై మంది చెక్కలు ఒక్కసారిగా ఆగిపోయాయి. కూర్చున్నవాళ్లు మెడలు సాచి చూస్తున్నారు. నా చేతిలో గ్లాసు వంగి నీళ్లు కాలి మీద పడుతున్నాయి. మా మరిది పుల్ల ఎత్తి పట్టుకుని, రెప్ప వేయకుండా, బురద అంటిన ఆ పాదాన్నే చూస్తున్నాడు. ముసలాయన కాలు గాల్లోనే ఉంది. మా మరిది చేయీ గాల్లోనే ఉంది.